రెండు జానల దారి

88వ ఏడు. పెద్ద చంద్రుడి లెక్కన తదియ, చిన్న చంద్రుడి లెక్కన నవమి. దారి లెక్కన 91వ రోజు.

పనులు: పేలపిండి దంచి మూడు డబ్బాలకు ఎత్తాను. దుంప వడియాలు రెండు సంచులు. పుల్ల ఆపిల్ ఆవకాయ ఒక చిన్న సీసా. రెండు జతల చెప్పులకు కొత్త అట్టలు. తాడు నలభై మూరలు, ముడులన్నీ లాగి చూశాను. ఊతకర్రలు రెండు చెక్కాను. బూర కడిగాను. కోళ్ళను పక్కింటివాళ్ళకు అప్పగించాను. మా ఆయన కాలికి కట్టు మార్చాను. నేను లేనన్నాళ్ళూ ఏ పూట ఏం వండుకోవాలో గోడ మీద రాసిపెట్టాను. మొత్తం పదకొండు పనుల్లో పది అయ్యాయి. మిగిలింది, నడిచేది నేనేనని మా ఆయనకు చెప్పడం.

భోజనాల దగ్గర చెప్పాను. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని చూశారు.

"నువ్వా? ఆరు మజిలీలు, మూడు నదులు. మాటలా?"

"మీరు మాత్రం రెండు మజిలీలే కదండీ నడిచింది."

ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కాసేపయ్యాక, "తోడెవరు?" అన్నారు.

"మాణిక్యం."

"అది నోరు మూసుకుని పది అడుగులు వెయ్యలేదు."

"నోటితో నడవక్కర్లేదు కదా."

మాణిక్యం ఆయన చెల్లెలు. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళయినా, దారి నియమాల్లో ఇంట్లో పుట్టినవాళ్ళూ ఇంటివాళ్ళే. అందుకని చెల్లుతుంది.

సంగతి ఇక్కడ రాసి ఉంచుతాను. మా మెట్టపురం నుంచి సముద్రం ఒడ్డున ఉన్న గవ్వలపేటకు యాభై నాలుగు కిలోమీటర్లు, మొత్తం వాన అడవి. తాతలు ఈ నేలకు వచ్చినప్పుడు వానకు మన్ను కొట్టుకుపోతోందని దుప్పటినాచు చల్లారు. మన్ను నిలబడింది. దాంతో పాటు బండ్లూ చక్రాలూ అన్నీ నిలబడిపోయాయి. వాళ్ళ ఎగిరే యంత్రాల రేకులు ఇప్పుడు మా ఇళ్ళ కప్పులు. నాచుకు లొంగేది ఒక్కటే, మనిషి పాదం. తొక్కుతూ ఉన్నంత మేర పెరగదు. నూరు రోజులు ఎవరూ తొక్కకపోతే వేరు బిగుసుకుంటుంది, తర్వాత గొడ్డలికి కూడా తెగదు. అందుకే యాభై రోజులకొక ఇల్లు చొప్పున వంతులు. యాభయ్యో రోజు మా వంతు. మా ఆయన రెండో మజిలీ దాటగానే జారి కాలు విరగ్గొట్టుకున్నారు. తప్పిన వంతు తప్పిన ఇల్లే తీర్చాలి. ఆయన కాలు అతుకుతుందేమోనని ఇన్నాళ్ళూ ఆగాం.

వంతు తప్పింది కాబట్టి, నూరో రోజుకి దారి కొలతల అధికారి నరహరి గారు ఇక్కడి నుంచి కొలుచుకుంటూ సముద్రం దగ్గర ఆరో మజిలీకి చేరతారు. ఆయన ఇనప బద్ద పొడవు రెండు జానలు. దారికి అడ్డంగా పెడితే అది నాచు తగలకుండా మట్టి మీద పడుకోవాలి. ఎక్కడైనా పడుకోకపోతే దారి కొట్టేసినట్టు రాస్తారు. అప్పుడు గాలి తిరిగే నెలలో పడవ వచ్చి గవ్వలపేటలోని నలభై రెండు మందినీ ఎక్కించుకుపోతుంది. ఊరు ఉండదు. అది మా ఇంటి పేరు మీద జరుగుతుంది.

92వ రోజు. మొదటి మజిలీ.

నడిచింది తొమ్మిది కిలోమీటర్లు. తిన్నది పేలపిండి నాలుగు గుప్పిళ్ళు. వాన పొద్దుట సన్నం, మధ్యాహ్నం లావు.

ఇక్కడి దాకా దారి రాచబాటలా ఉంది. ఆరు జానలు. పుట్టగొడుగులకూ కట్టెలకూ వచ్చే జనం కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన నడుస్తారు. మజిలీ గుడిసె ముందు పాత రేకు మీద చెక్కిన నియమం ఉంది. ముందువారి అడుగులో అడుగు వేయుము. నాచు కింద అక్కడక్కడా నేల గుల్లగా ఉంటుంది, తాతల్లో ఇద్దరు అలా దిగిపోయారు. అప్పటినుంచీ ఇదే నియమం. మాణిక్యం రేకుకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

93వ రోజు. రెండో మజిలీ.

మొదటి నది దాటాం, మోకాలి లోతు. నీళ్ళు ఎముక పట్టేంత చల్లన. చెట్ల మొదళ్ళు మా వంటింటి కంటే వెడల్పుగా ఉన్నాయి. కొమ్మల నుంచి నాచు గడ్డాలు వేలాడుతున్నాయి. వాన ఆగినా చెట్ల కింద వాన ఆగదు.

"మాణిక్యం, ఇవాళ చిన్న చంద్రుడి ఏకాదశి. ఉపవాసం ఉంటావా?"

"మా అత్తారింట్లో పెద్ద చంద్రుడిదే ఒదినా. ఆ డబ్బా ఇలా ఇయ్యి."

దారి వెడల్పు నాలుగు జానలు. గుడిసె అవతలే మా ఆయన పడిన చోటు చూశాం. చిన్న వేరు. ఇంటికి వచ్చి చెప్పినప్పుడు అది కొండచిలువంత ఉంది.

94వ రోజు. మూడో మజిలీ.

రెండో నది మీద పడిపోయిన మాను ఉంది, దాని మీద కూర్చుని జరుగుతూ దాటాం. మాణిక్యం చీర చిరిగింది, ఒక మూర. వెడల్పు మూడు జానలు.

95వ రోజు. నాలుగో మజిలీ.

వెడల్పు రెండు జానలు, ఒక వేలు ఎక్కువ. ఇది నాకు నచ్చలేదు.

ప్రతి మజిలీలోనూ డబ్బాలో ఒక పుస్తకం ఉంటుంది. వచ్చిన ఇల్లు పేరు, తేదీ, దారి వెడల్పు రాయాలి. రాసి మూత పెట్టి వెళ్ళిపోతారు. ముందు పేజీలు ఎవరూ తిప్పినట్టు లేదు, తడికి అంటుకుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీసి చదివాను. ఆరేళ్ళ కిందట ఐదు జానలు. ఆ తర్వాత ప్రతి వంతుకూ ఒక వేలు తగ్గుతూ వచ్చింది. వంతు తప్పని ఏళ్ళలో కూడా తగ్గింది. మూడో మజిలీ పుస్తకం లెక్క నిన్న రాసుకున్నాను, అక్కడా అంతే. మొదటి మజిలీలో మాత్రం ఎప్పుడూ ఆరే.

ఉప్పు డబ్బా తొందరగా అయిపోతుంటే ఎవరు ఎక్కువ తింటున్నారని ఇంట్లో తగవు పెట్టుకోకూడదు. మూత ఎవరు తెరిచి పెడుతున్నారో చూడాలి. గుమ్మంలో నిలబడి వచ్చిన దారి వంక చాలాసేపు చూశాను. బురద మీద మా అడుగులు వరుసగా ఉన్నాయి. ఇద్దరం నడిచాం. ఒక్కరి అడుగులే ఉన్నాయి.

మాణిక్యాన్ని పిలిచి చూపించాను.

"చక్కగా నీ అడుగులోనే ఏశాను కదొదినా. తప్పేముంది?"

"తప్పు లేదు. అందరూ నీలాగే చక్కగా వేశారు. నా ముందు వచ్చిన ఇల్లు దాని ముందు ఇంటి అడుగులో వేసింది. మొత్తం ఊరంతా కలిసి ఒకే ఒక్క మనిషి పాదమంత దారి కాపాడుతున్నాం."

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఇది నేను ప్రత్యేకంగా రాసుకుంటున్నాను.

"అయితే ఆ రేకుకి దణ్ణం పెట్టింది దండగేనా?" అంది చివరికి.

96వ రోజు. మూడో నది అవతలి ఒడ్డు.

నది పొంగింది. పొద్దున రాయికి గీత పెట్టి కూర్చున్నాం. మధ్యాహ్నానికి నీళ్ళు నాలుగు వేళ్ళు తగ్గాయి. తాడు మానుకు కట్టి నేను ముందు దిగాను. నడుము పైదాకా వచ్చింది. మధ్యలో కాళ్ళు తేలాయి. తాడు పట్టుకుని ఒడ్డు చేరే వరకు ఏమీ ఆలోచించలేదు, లెక్క మాత్రం పెట్టాను. ముప్పై ఒక్క అడుగులు. మాణిక్యం దాటుతున్నంతసేపూ నదిని తిడుతూనే ఉంది. ఒక వడియాల సంచి పోయింది.

ఒడ్డెక్కి చూస్తే దారి లేదు.

పుస్తకాల్లో తగ్గిన తీరు చూస్తే ఇక్కడ పోయిన వంతుకే జానెడు మిగిలి ఉండాలి. తొంభై ఆరు రోజుల్లో రెండు పక్కల నుంచీ నాచు వచ్చి కలిసిపోయింది. మోకాలెత్తున పచ్చగా, దూదిపరుపులా, పన్నెండు కిలోమీటర్లు. చెట్లకు కట్టిన గుర్తుల వల్ల మాత్రమే దారి ఎటో తెలుస్తోంది. ఇంకా మెత్తగానే ఉంది, వేరు బిగియలేదు. మాకు మూడు రోజులు పూర్తిగా ఉన్నాయి, నూరో రోజున మధ్యాహ్నం దాకా.

వరుసలో నడిచి వెళ్ళిపోతే రెండు రోజుల్లో సముద్రం చేరతాం. బద్ద మాత్రం పడుకోదు. రెండు జానలు తొక్కుకుంటూ వెళ్తే సమయం చాలదు.

"మీ అత్తారి ఇటుక బట్టీలో మట్టి ఎలా తొక్కుతారు మాణిక్యం?"

"ఎలా ఏంటొదినా. గట్టి అంచు మీద ఒక కాలుంచి, రెండో కాలి మడమతో పక్కకి నూకుతాం. ముందు కర్రతో పొడిచి చూసుకోవాలి. గంతులేస్తే కాలిరుగుద్ది, మీ ఆయనకి మల్లే."

"మీ అన్నయ్య."

"మంచి పని చేసినప్పుడు మా అన్నయ్య. కాలిరగ్గొట్టుకున్నప్పుడు మీ ఆయన."

సాయంత్రం బూర ఊదాం. మూడో నది దాటాక రోజూ ఊదాలి, ఎంత దూరంలో ఉన్నామో గవ్వలపేట వాళ్ళకు తెలియడానికి.

97వ రోజు. ఐదో మజిలీ.

తొక్కింది మూడు కిలోమీటర్లు, రెండు జానల మూడు వేళ్ళ వెడల్పు. చెప్పులు విప్పేశాం, వట్టి మడమకే నాచు బాగా నలుగుతోంది. పక్కపక్కన నిలబడి, భుజాల మీద చేతులు వేసుకుని, ఆమె కుడికి నూకితే నేను ఎడమకి. మొదట గంటకు రెండు వందల మీటర్లు. ఒక ఊపు కుదిరాక గంటకు మూడు వందల యాభై.

పదకొండు గంటల వేళ నేను నడుము దాకా దిగిపోయాను. కర్రతో పొడవకుండా అడుగు వేశాను, తప్పు నాదే. కింద కాళ్ళకు ఏమీ తగల్లేదు, చల్లటి గాలి తగిలింది. మాణిక్యం బోర్లా పడుకుని తన కర్రను నా చంకల కింద నుంచి అడ్డంగా దూర్చింది.

"కదలకొదినా. ఊపిరి పీల్చి పట్టుకో. నిన్ను ఒదిలేసి ఎల్తే అన్నయ్యకి నేను వండి పెట్టాల్సొస్తది, నా వల్ల కాదు."

నవ్వొచ్చింది. నవ్వితే ఇంకో జానెడు దిగాను. తర్వాత ఇద్దరం నోరు మూసుకున్నాం. పైకి రావడానికి అరగంట పట్టింది. ఆ గుంటలో కొమ్మలూ నాచూ కుక్కి, మీద తొక్కి గట్టిపరిచే సరికి ఇంకో గంట. బట్టీలో గోతులు ఇలాగే పూడుస్తారట. గుల్ల ఉన్న చోటు వదిలేసి పోవడం కంటే నింపి పోవడం మేలు. తాతలకు ఇది ఎవరూ చెప్పలేదేమో.

98వ రోజు.

మళ్ళీ మూడు. మిగిలింది ఆరు. నా ఎడమ మడమ పగిలింది, ఆవకాయ నూనె రాసి గుడ్డ కట్టాను. మంట చెప్పనక్కర్లేదు. పేలపిండి ఒక డబ్బా ఉంది.

లెక్క ఎటు తిప్పి వేసినా ఒకటే. రేపు మూడు చేస్తే ఇంకా మూడు మిగులుతుంది, నూరో రోజు మధ్యాహ్నానికి ఒకటిన్నర కంటే అవదు. ఒకటిన్నర కిలోమీటర్ల తేడాతో ఒక ఊరు పోతుంది. మాణిక్యానికి చెప్పాను.

"నీ లెక్కలు ఎప్పుడూ తప్పవా ఒదినా?"

"తప్పవు."

"ఒక్కసారి తప్పనివ్వకూడదా, ఏ పండగనాడైనా?"

బూర ఆమే ఊదింది. మామూలు కంటే గట్టిగా, చాలాసేపు.

99వ రోజు. పెద్ద చంద్రుడి ఏకాదశి.

"ఇవాళ మీ అత్తగారింటి ఏకాదశి కదా, డబ్బా మూసేయనా?"

"ఇప్పుడు నడిచేది పుట్టింటి వంతు కదా. పుట్టింటి చంద్రుడు వేరే. ఇలా ఇయ్యి."

మధ్యాహ్నానికి కిలోమీటరున్నర అయింది. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి, అంటే అన్నీ బాగాలేవు. మంచు దిగి పది అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. మాణిక్యం ఆగి నా భుజం నొక్కింది.

"ఒదినా, నువ్వు తొక్కుతున్నావా?"

"లేదు."

"నేనూ తొక్కట్లేదు."

నేల అదురుతోంది. దబ్ దబ్ మని, చాలా పాదాలు ఒకేసారి. ఆ చప్పుడు మా ఎదురుగా మంచులోంచి వస్తోంది. మేం నిలబడే ఉన్నాం. ముందు ఒక గొంతు, తర్వాత తెల్ల చీర మోకాళ్ళ పైకి దోపుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ వెనక చేతులు చేతులు పట్టుకుని దారికి అడ్డంగా నలుగురేసి వరుసలు. గవ్వలపేట మొత్తం. చంకలో పిల్లలతో సహా.

ఆవిడ పేరు పైడితల్లి. మమ్మల్ని చూడగానే ఆగి, ముఖం పక్కకు తిప్పుకుంది.

"తప్పయిపోయిందమ్మా. ఎదురు రాకూడని మొకం నాది. మావోడు సముద్రంల పోయినకాడ నుంచీ, ఎవులు పయనమైనా నాను తలుపు ఎనకే ఉంటాను. మా ఊరంతా అంతే, మీ మెట్టపురపోళ్ళు వస్తున్నారంటే దారి మీద అడుగెయ్యం. ఎదురెల్తే మీకు కీడని."

"మరి ఇవాళెందుకు వచ్చారు?" అని అడిగాను.

"మొన్న బూర ఊదినారు. నిన్న ఊదినారు. చప్పుడు ఈసమెత్తు దగ్గరికి రానేదు. నానే అన్నాను, ఎదురెల్లకపోతే ఈల్లు రారర్రా, ఆ కీడేదో నాకే రానీండి అని. అప్పుడు అందరూ నెగిసినారు."

ఎనభై ఎనిమిదేళ్ళుగా వాళ్ళు మేము వస్తామని దారిని తాకకుండా ఉన్నారు. మేము ఒకరి అడుగులో ఒకరం వేసుకుంటూ వెళ్ళాం. రెండు ఊళ్ళవాళ్ళమూ మర్యాదగానే ఉన్నాం.

నేను ముందుకు వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "అమ్మా, నా జన్మలో ఇంత మంచి ఎదురు నాకు రాలేదు" అన్నాను. నేను అలా మాట్లాడే మనిషిని కాను, అయినా అన్నాను.

వాళ్ళు సముద్రం నుంచి నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చారు, ఐదు జానల వెడల్పు. మమ్మల్ని కలవాలనే తొందరలో ఆఖరి అర కిలోమీటరు పైపైనే తొక్కారు, దాన్ని గట్టిగా తొక్కడమే మిగిలింది. మాణిక్యం అందరికీ మడమ నూకుడు నేర్పింది. ఒక ముసలాయన, "ఇది మా వలలు తొక్కి ఉతికినట్టే ఉందే" అన్నాడు. "అయితే ఉతుకు తాతా" అంది మాణిక్యం. గంట పట్టింది. ఆఖరి పది అడుగులు ఎవరూ తొక్కకుండా పైడితల్లికి వదిలేశారు. ఆవిడ మొదట వద్దంది. తర్వాత ఒక్కతే తొక్కింది, తల ఎత్తుకుని.

అక్కడి నుంచి సముద్రం దాకా పక్కపక్కన నడిచాం. అడుగుల కేసి చూసుకోవాల్సిన అవసరం లేకపోయింది. అడవి ఒక్కసారిగా అయిపోయింది. బూడిద రంగు నీళ్ళు, ఒడ్డు పొడుగునా అలలు తెచ్చి పడేసిన తెల్లటి మానులు, వాటి మీద ఆరేసిన వలలు. నా వయసు నలభై తొమ్మిది. సముద్రం చూడటం ఇదే మొదలు. ఉప్పగా ఉందో లేదో చూశాను. ఉంది.

100వ రోజు. ఆరో మజిలీ.

పనులు: మడమకు కట్టు మార్చాను. పైడితల్లి ఇంట్లో చేపల పులుసు, రెండుసార్లు వడ్డించుకున్నాను. చీర కుట్టాను, మాణిక్యానిది.

నరహరి గారు పదకొండు గంటలకు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, భుజాన బద్ద. ఊరంతా మజిలీ ముందు నిలబడింది. 

"దారి మీద మొత్తం నలభై చోట్ల కొలిచాను" అన్నారాయన. "మీరు బోర్డు మీద నియమం పాటించలేదు. మూడో నది తర్వాత ఒక్క అడుగు కూడా ఇంకో అడుగులో లేదు."

"లేదండీ" అన్నాను. "పాటిస్తే మీరు ఇక్కడికి వచ్చి ఉండేవారు కాదు."

పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకున్న అంకెలు ముందు పెట్టాను. ఆరేళ్ళవి, మజిలీ వారీగా. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఈ పుస్తకాలన్నీ నా దగ్గరికే వచ్చేవమ్మా" అన్నారు మెల్లగా. "నేను ఆఖరి అంకె ఒక్కటే చూసేవాణ్ణి."

"అంటే ఇంతమంది ఇన్నాళ్ళూ..." అని మాణిక్యం మొదలుపెట్టింది. నేను ఆమె కాలు తొక్కాను, మడమతో.

నరహరి గారు లేచి బద్దను దారికి అడ్డంగా వేశారు. అది మట్టి మీద పడుకుంది. అటు జానన్నర, ఇటు జానన్నర ఇంకా ఖాళీ ఉంది. 

"బోర్డు మార్చే అధికారం నాకు లేదు, అది సభ చెయ్యాలి" అన్నారు. "బోర్డు వానకు చెడిపోయిందని రాసే అధికారం మాత్రం ఉంది. సభ కొత్తది చెక్కించే దాకా ఎవరు ఎలా నడిచినా అడగలేను."

"రేకు గదండీ, సెడిపోద్దేటి?" అంది పైడితల్లి.

"చెడిపోయిందమ్మా. నేను చూశాను."

మొదట నవ్వింది వల ఉతికిన ముసలాయన. తర్వాత ఊరంతా. పిల్లలు దారి మీదికి పరిగెత్తారు, వెళ్ళవద్దని ఎవరూ అనలేదు.

నరహరి గారు మజిలీ పుస్తకం తెరిచి నాకే ఇచ్చారు. రామభద్రం ఇల్లు అని మా ఆయన పేరున ఉన్న వరుసలో, యాభయ్యో రోజు ఎదురుగా ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది. దాని పక్కన నా చేత్తో రాశాను: నడిచినవారు కాత్యాయని, మాణిక్యం, గవ్వలపేట నలభై రెండు మంది. వెడల్పు ఐదు జానలు. వంతు ఒకటి, బాకీ, తీరింది.